ఊదా టమోటా: రంగు మన ఎండలో, రుచి మన ఎంపికలో

ఊదా టమోటా పండించాలని మొదలుపెట్టేవారు ముందుగా తేల్చుకోవలసింది ఏ ఊదా అన్నది. ఈ పేరుతో చలామణిలో ఉన్నవి మూడు వేర్వేరు రకాలు. మొదటివి బ్లాక్ క్రిమ్, చెరోకీ పర్పుల్ వంటి పాత రకాలు. వీటిలో కాయ పండే వేళకు పోవలసిన ఆకుపచ్చ పత్రహరితం పోకుండా నిలిచి, ఎర్రటి లైకోపీన్‌తో కలిసి మట్టిరంగును, కందిన ఎరుపును ఇస్తుంది. చూపుకు అవి ఊదాగానే ఉంటాయి కానీ వంకాయ తొక్కలోనూ నేరేడు పండులోనూ ఉండే ఆంథోసయనిన్ వాటిలో ఉండదు. రెండోవి ఇండిగో రోజ్ వంటివి. అమెరికాలోని ఓరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో జిమ్ మయర్స్ బృందం అడవి టమోటా జాతుల జన్యువులను మామూలు సంకరణంతోనే తెచ్చి తయారుచేసిన ఈ రకం 2012లో విత్తన వ్యాపారంలోకి వచ్చింది. ఇందులో ఉన్నది అసలైన ఆంథోసయనినే, అయితే అది తొక్కకే పరిమితం. మూడోది ఇంగ్లండులోని జాన్ ఇన్నెస్ కేంద్రంలో కేథీ మార్టిన్ బృందం స్నాప్‌డ్రాగన్ పువ్వు జన్యువులను చొప్పించి చేసిన జన్యుమార్పిడి టమోటా. దాని గుజ్జు కూడా ఊదాగానే ఉంటుంది. 2022లో అమెరికా వ్యవసాయ శాఖ దానికి దారి ఇచ్చింది, 2024 నుంచి అక్కడి పెరటి తోటల వారికి విత్తనం అమ్ముతున్నారు. మన దేశంలో దాని సాగుకు అనుమతి లేదు కనుక అలాంటి విత్తనం ఎవరైనా ఇస్తామన్నా తీసుకోకూడదు. ఈ వ్యాసం రెండో రకం గురించి.

విత్తనం కొనేటప్పుడు ప్యాకెట్ మీది బొమ్మను నమ్మకూడదని నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. ఆన్‌లైన్‌లో కొన్న ఒక ప్యాకెట్ మీద కాయ వంకాయలా నిగనిగలాడుతూ ఉంది. మొలిచిన ఇరవై రెండు మొక్కల్లో ఒక్కదానికైనా ఆ రంగు రాలేదు, అన్నీ ఎర్రటి చెర్రీ టమోటాలే కాశాయి. అందువల్ల మొదటి పంటలో పది మొక్కలకు మించి పెట్టవద్దు. విదేశాల నుంచి నేరుగా తెప్పించుకోవాలనుకుంటే మొక్కల క్వారంటైన్ నిబంధనల ప్రకారం దిగుమతి అనుమతి, ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. ఉత్తరం కవరులో గుప్పెడు గింజలు వేసి పంపమనడం చట్టవిరుద్ధం, పైగా కొత్త వైరస్‌లను ఇంటికి పిలిచినట్లు.

కాసిన కాయ అసలైనదో కాదో వంటింట్లోనే తేల్చుకోవచ్చు. ముదురు రంగు ఉన్న తొక్కను పలుచగా ఒలిచి సన్నగా తరిగి, రెండు చెంచాల వేడినీళ్లలో నాలుగు చుక్కల నిమ్మరసం పిండి, అందులో వేసి నలపాలి. ఆంథోసయనిన్ నీటిలో కరిగే రంగు కనుక నీరు గులాబీ ఛాయకు తిరుగుతుంది. ఆ నీటిలోనే చిటికెడు వంటసోడా వేస్తే రంగు నీలం వైపో, పచ్చ వైపో మారుతుంది. పత్రహరితంతో నల్లబడిన కాయ తొక్క నీటికి ఇలాంటి రంగును ఇవ్వదు.

రంగు ఎక్కడి నుంచి వస్తుంది

ఇండిగో వర్గపు టమోటాలలో రంగును నడిపేవి ప్రధానంగా రెండు జన్యువులు. ఒకటి చిలీ ప్రాంతపు అడవి జాతి నుంచి వచ్చిన ఏఎఫ్‌టీ. మామూలు టమోటాలో చెడిపోయి ఉన్న రంగు మీటను ఇది తిరిగి పనిచేయిస్తుంది. రెండోది గాలాపాగోస్ దీవుల అడవి జాతి నుంచి వచ్చిన ఏటీవీ. రంగును అణచిపెట్టే కళ్లెం ఇందులో తెగిపోయి ఉంటుంది. మీట ఒక్కటే ఉంటే కాయ మీద ఊదా చుక్కలు, మరకలు మాత్రమే వస్తాయి. మీట పనిచేస్తూ కళ్లెం కూడా తెగితేనే కాయ భుజాలు నల్లటి ఊదాకు తిరుగుతాయి. వీటిలో మొదటిది బహిర్గత లక్షణం, అంటే తల్లిదండ్రులలో ఒక్కరి నుంచి వచ్చినా బయటపడేది. రెండోది అంతర్గత లక్షణం, ఇద్దరి నుంచీ జంటగా వస్తేనే బయటపడేది. సంకరణం చేయబోయేవారు ఈ ఒక్క తేడాను గుర్తుంచుకుంటే మిగిలిన లెక్క అంతా దాని నుంచే వస్తుంది.

ఈ జన్యువులు రెండూ ఉన్నా వెలుతురు తగలని చోట రంగు పుట్టదు. కాయ మీద ఆకు ఆనుకుని ఉన్నంతమేర ఆకు ఆకారంలోనే పచ్చగా ఉండిపోతుంది. తొడిమ కింది రక్షక పత్రాలను ఎత్తి చూస్తే అచ్చంగా నక్షత్రం ముద్ర వేసినట్లు పచ్చటి గుర్తు కనబడుతుంది. మా పిల్లలు గోళీకాయంత పిందెల మీద నల్ల టేపును వాళ్ల పేర్లలోని మొదటి అక్షరాలుగా కత్తిరించి అతికించారు. మూడు వారాల తరువాత టేపు ఊడదీస్తే చుట్టూ ఊదా, మధ్యలో పచ్చటి 'ల', పచ్చటి 'స'. వెలుతురుతో పాటు చల్లదనం కూడా ఈ రంగుకు తోడ్పడుతుంది. ఎండకు కొదవలేని మన జిల్లాల్లో కొరవడేది ఆ చల్లదనమే కనుక పంటకాలాన్ని దాని ప్రకారం ఎంచుకోవాలి.

ఎప్పుడు, ఎక్కడ, ఎలా

అనంతపురం, కర్నూలు ప్రాంతాలలో సెప్టెంబరు మొదటి వారంలో నారు పోసి, నెలాఖరుకు నాటితే డిసెంబరు చివరి నుంచి కాయలు అందుతాయి. అప్పటి రాత్రులు 20 డిగ్రీల కిందకు దిగుతాయి, పగలు ఎండ నిర్మలంగా ఉంటుంది. రంగుకు ఇంతకంటే అనువైన కాలం లేదు. కడప వైపు అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండాల వానలు ఎక్కువ కాబట్టి రెండు మూడు వారాలు ఆలస్యంగా, ఎత్తు మడుల మీద నాటడం మంచిది. వేసవి పంట జోలికి పోవద్దని నా సలహా. పగటి వేడి 35 డిగ్రీలు దాటి, రాత్రులు కూడా వెచ్చగా ఉంటే పూత రాలిపోతుంది. నిలిచిన కాయల్లోనూ 30 డిగ్రీలు దాటిన వేడిలో లైకోపీన్ సరిగా తయారుకాక అడుగు భాగం ఎర్రబడకుండా పసుపు నారింజ రంగులో ఆగిపోతుంది. ఏప్రిల్‌లో ఎండ నేరుగా తగిలిన కాయల భుజాలు తెల్లగా ఉడికిపోతాయి. ముదురు తొక్క వేడిని ఎక్కువగా తాగుతుంది కాబట్టి ఈ బెడద ఊదా రకాలకు మరీ ఎక్కువ.

నారును ప్రోట్రేలలో, అంటే గుంతల ప్లాస్టిక్ పళ్లేలలో, కోకోపీట్ (కొబ్బరి పొట్టు) నింపి, తెల్లదోమ దూరని సన్నటి నెట్ కింద పెంచాలి. ఇది ఖర్చు దండగ అనుకుని వదిలేసిన వారికి ఆకుముడత వైరస్ నారు దశలోనే అంటుకుంటుంది, ఆ తరువాత ఏ మందూ దానిని వదిలించదు. విదేశీ ఊదా రకాలకు మన వైరస్‌లను తట్టుకునే శక్తి ఉంటుందని ఆశించకూడదు. 25 రోజుల నారును వరుసల మధ్య 90 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 60 సెంటీమీటర్లు ఎడం ఉంచి నాటాలి. మిద్దె మీద పెంచేవారికి మొక్కకు 15 లీటర్ల మట్టి పట్టే సంచి చాలు. ఎర్రనేలలో పశువుల ఎరువు, వేపపిండి కాస్త ఎక్కువగా వేసుకోవాలి. నల్లరేగడిలో ఎరువు కంటే మురుగునీరు పోయే కాలువ ముఖ్యం.

యూరియా చేతికి వచ్చినంత చల్లితే ఆకు దట్టమై కాయలను కప్పేస్తుంది, రంగు రాదు. అలాగని ఆకులన్నీ కోసేసినా కాయ ఎండకు కాలుతుంది. నేను చేసేది ఇది: పిందెలు గోళీకాయంత అయ్యాక మొదటి గెలకు దిగువనున్న ఆకులను మాత్రమే తీసి, తూర్పు వైపు ఆకులను కొద్దిగా పలుచన చేసి, పడమటి వైపు ఆకులను ముట్టుకోకుండా వదులుతాను. పొద్దుటి వెలుతురు కాయకు అందుతుంది, మూడు గంటల ఎండకు గొడుగు మిగిలి ఉంటుంది.

కాయ తొలుచు పురుగుకు పదహారు వరుసల టమోటాకు ఒక వరుస బంతి ఎర పంటగా వేయాలి. బంతి నారు టమోటా నారు కంటే పదిహేను, ఇరవై రోజులు ముదిరినదై ఉంటేనే రెండూ ఒకేసారి పూతకు వచ్చి పని జరుగుతుంది. నీరు ఒక వారం ఎండగట్టి మరో వారం ముంచెత్తితే కాయ అడుగు నల్లబడి కుళ్లుతుంది. అది తెగులు కాదు, నీటి హెచ్చుతగ్గుల వల్ల సున్నం కాయకు అందకపోవడం. డ్రిప్‌తో రోజూ కొంచెం కొంచెం ఇస్తే చాలావరకు పోతుంది. కాయలు రంగు తిరగడం మొదలైన తరువాత నీటిని క్రమంగా మూడో వంతు తగ్గించండి. దిగుబడి కొంత తగ్గినా చక్కెరలు, పులుపు చిక్కబడి రుచి తేలుతుంది.

కోయడంలో చేసే తప్పు

ఈ టమోటా చప్పగా ఉందనే వారిలో సగం మంది పచ్చికాయ తిన్నవారే. కాయ నిమ్మకాయంత కాకముందే భుజాలు ఊదాకు తిరుగుతాయి, నెల రోజులకు పైగా అలాగే నిగనిగలాడుతూ ఉంటాయి. పక్క పొలం లక్షమ్మక్క మొదటిసారి చూసి, "ఏం నాయనా, టమోటా అంటివి, ఇవి వంకాయల మాదిరుండాయే" అని ఒకటి తెంపి కొరికి, ముఖం చిట్లించి ఉమ్మేసింది. "అక్కా, దాన్ని తిరగేసి కింద చూడల్ల, పైన గాదు" అని నేను కాయను బోర్లించి చూపాను. అడుగు ఇంకా పచ్చగానే ఉంది. పండినదానికి గుర్తులు మూడు. అడుగు భాగం పచ్చ వదిలి నిండు ఎరుపుకు రావాలి, పైభాగపు నిగనిగ మాసి మసకబారాలి, బొటనవేలితో నొక్కితే కొద్దిగా లొంగాలి. దోరకాయగా కోసి మగ్గబెడితే అడుగు ఎర్రబడుతుంది కానీ చెట్టున పండినదాని రుచి రాదు. కోసిన కాయలను ఫ్రిజ్‌లో పెట్టవద్దు. 12 డిగ్రీల కంటే తక్కువ చల్లదనంలో టమోటాకు వాసననిచ్చే పదార్థాలు తగ్గిపోతాయి.

ఆరోగ్యం మాట

2008లో కేథీ మార్టిన్ బృందం ప్రచురించిన ప్రయోగంలో, కేన్సర్ తొందరగా వచ్చే చిట్టెలుకలకు మేతలో పదో వంతు ఊదా టమోటా పొడి కలిపి పెట్టగా వాటి సగటు ఆయుష్షు 142 రోజుల నుంచి 182 రోజులకు పెరిగింది. ఈ సంఖ్యను చూపి అమ్మేవారు చెప్పని సంగతులు రెండున్నాయి. అది గుజ్జు కూడా ఊదాగా ఉండే జన్యుమార్పిడి కాయ. తిన్నవి చిట్టెలుకలు, మనుషులు కాదు. మన పెరట్లో పండేదానిలో రంగు తొక్క మందాన ఉంటుంది కాబట్టి కాయ మొత్తం మీద ఆంథోసయనిన్ అంతకంటే చాలా తక్కువ. అది మందు కాదు, మంచి కూరగాయ. రంగు కోసమే అయితే జూన్‌లో పది నేరేడు పండ్లు తింటే సరిపోతుంది.

ఉన్నంతలో పోగొట్టుకోకుండా తినాలంటే తొక్క పారేయకూడదు. చారులో పిసికి పిప్పి తీసేసే అలవాటు ఈ కాయ విషయంలో పనికిరాదు. ఎక్కువసేపు ఉడికిస్తే ఆంథోసయనిన్ విరిగిపోతుంది, లైకోపీన్ మాత్రం నూనెలో మగ్గినప్పుడే ఒంటికి బాగా పడుతుంది. రెండింటికీ కుదిరే దారి రోటి పచ్చడి. సగం కాయలను వేరుశనగ నూనెలో మగ్గించి, వేయించిన చెనిక్కాయ విత్తనాలు, పచ్చిమిరపకాయలు, ఉప్పుతో ముందుగా నూరి, మిగిలిన సగాన్ని తొక్కతో సహా పచ్చిగానే వేసి కచ్చాపచ్చాగా దంచాలి. చిటికెడు చింతపండు పడితే పులుపుకు రంగు ఎర్రగా నిలుస్తుంది. జొన్నరొట్టెలోకి దీనికి సాటి మరొకటి నాకు తెలియదు.

మన రకంతో కలపడం

ఇండిగో రోజ్‌ను ఉన్నదున్నట్లు పెంచితే చూపుకు బాగుంటుంది, రుచికి అంతంత మాత్రమే. ఆంథోసయనిన్‌కు చెప్పుకోదగ్గ రుచి లేదు. రుచి చక్కెర, పులుపు, వాసనల నుంచి వస్తుంది కాబట్టి దానిని వేరే తల్లి నుంచి తెచ్చుకోవాలి. పప్పుకూ పచ్చడికీ పులుపు కావాలనుకుంటే ఊరి నాటు టమోటా గానీ, పీకేఎం-1 గానీ తీసుకోండి. నీటి ఎద్దడిని తట్టుకోవాలంటే బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వారి అర్క వికాస్, అర్క మేఘాలి ఉన్నాయి. అర్క రక్షక్ మూడు తెగుళ్లను తట్టుకునేదే అయినా అది సంకర విత్తనం. దానిని తల్లిగా పెడితే మొదటి తరం నుంచే లెక్కకు అందనంత చీలిక వస్తుంది, అంటే పిల్ల మొక్కలు ఒకదానిని ఒకటి పోలకుండా పుడతాయి. మొదటిసారి చేసేవారికి నిలకడైన రకమే మేలు.

టమోటా పువ్వు తన పుప్పొడితో తానే ఫలదీకరణ చెందుతుంది కాబట్టి తల్లి పువ్వు విచ్చకముందే దాని కేసరాలను తీసివేయాలి. మరుసటి రోజు విచ్చబోయే మొగ్గను సాయంత్రం ఎంచుకోండి. రక్షక పత్రాలు విడివడి, ఆకర్షక పత్రాలు లేత పసుపుకు తిరిగి, ఇంకా మూసుకునే ఉండాలి. నిండు పసుపుకు వచ్చిందంటే ఆలస్యమైనట్లే. సన్నమూతి పట్టకారుతో కేసరాల గొట్టాన్ని ఒక పక్కన చీల్చి, మెల్లగా మెలిపెట్టి లాగితే ఆకర్షక పత్రాలతో సహా ఊడి వస్తుంది, మధ్యలో సూదిలాంటి కీలం ఒక్కటే మిగులుతుంది. కీలం వంగినా, గీసుకుపోయినా ఆ పువ్వును తెంపేయండి. మరుసటి ఉదయం మంచు ఆరాక ఊదా మొక్క మీద నిండుగా విచ్చిన పువ్వును నల్లటి ప్లాస్టిక్ ముక్క మీద వంచి తడితే తెల్లటి పుప్పొడి రాలుతుంది. తల్లి పువ్వు కీలాగ్రాన్ని అందులో ముంచి తీయాలి. ఆనవాలుగా రెండు రక్షక పత్రాలను కత్తిరించి, కాడకు రంగు దారం వదులుగా కట్టాలి. పది పువ్వులకు ఐదారు నిలిచినా చేయి కుదిరినట్లే. కాయ పండటానికి యాభై రోజులు పట్టవచ్చు.

ఆ కాయ గింజల నుంచి వచ్చే మొదటి తరం మొక్కలు చూసి నిరాశపడవద్దు. ఏటీవీ అంతర్గత లక్షణం కాబట్టి వాటి కాయలు ఎర్రగానే ఉండి భుజాల మీద లేత ఊదా మచ్చలు మాత్రమే కనబడతాయి. రెండు మూడు మొక్కలు పెంచి గింజలు తీసుకుంటే చాలు. అసలు ఆట రెండో తరంలో ఉంది. లెక్క ప్రకారం ప్రతి 16 మొక్కలలో మూడే ముదురు ఊదా కాస్తాయి, ఆ మూడింటిలో ఒకటే రెండు జన్యువులకూ నిలకడైనది. 160 మొక్కలు నాటి, నాలుగు నెలలు నీళ్లు పోసి ముప్పయ్యింటిని ఎంచుకోవడం నీళ్లు కొనుక్కునే మనలాంటి వారికి సాధ్యమయ్యే పని కాదు.

ఇక్కడ నారుమడి కలిసివస్తుంది. ఏటీవీ జంటగా ఉన్న నారులో కాండం, ఆకు కాడలు, ఈనెలు అన్నీ చక్కటి వెలుతురులో ఊదాగా కందుతాయి. కాబట్టి 160 గింజలు ప్రోట్రేలలో వేసి, పక్కనే తల్లి రకం, తండ్రి రకం చెరి పది గింజలు పోల్చుకోవడానికి వేయండి. మూడు వారాల తరువాత తండ్రి నారులా కందిన మొక్కలను, సుమారు నలభై, ఉంచుకుని మిగిలినవి పీకేయవచ్చు. ఆ నలభైలో ముప్పై దాకా ముదురు ఊదా కాస్తాయి. ఒక జాగ్రత్త: మామూలు టమోటా నారులో కూడా కాండం మొదలు కాస్త ఊదాగానే ఉంటుంది, భాస్వరం చాలకపోయినా ఆకు అడుగు ఊదా తిరుగుతుంది. అందుకే నారు మొత్తానికి ఒకే మోతాదులో పోషకాలు ఇవ్వాలి, మొదలును చూడక చిటారు కాండాన్ని, ఈనెలను చూడాలి.

కాయలు పండాక రంగును మరచిపోయి నాలుకకు పని పెట్టండి. ఒకే రోజు, ఒకే పండుతనంలో కోసిన కాయలకు అంకెలు వేసి, ఏ అంకె ఏ మొక్కదో తెలియని ముగ్గురికి తొక్కతో సహా ముక్కలు ఇచ్చి మార్కులు వేయించాలి. చక్కెర కొలిచే రిఫ్రాక్టోమీటర్ ఉంటే మామూలు టమోటా రసం అందులో 4 నుంచి 5 చూపుతుంది, 6 దాటినదాన్ని ప్రత్యేకంగా రాసిపెట్టుకోండి. అయితే చక్కెర ఎక్కువై పులుపు లేనిది పచ్చడికి పనికిరాదు, కాబట్టి అంకె కంటే ముగ్గురి మాటకే నేను ఎక్కువ విలువ ఇస్తాను. కాయ సైజు విషయంలో మాత్రం ఓపిక కావాలి. చిన్న కాయ గుణం పెద్ద కాయ గుణాన్ని అణచివేస్తుంది కనుక రెండో తరంలో ఎక్కువ భాగం చిన్న కాయలే కాస్తాయి. పెద్దవి కావాలంటే రుచిలో నెగ్గిన ఊదా మొక్కను మళ్లీ నాటు రకంతో కలిపి ఇదంతా మరోసారి చేయాలి.

నెగ్గిన ఐదారు మొక్కల గింజలను కలపకుండా విడివిడిగా తీసి, మూడో తరంలో ఒక్కొక్క దానికి పన్నెండు మొక్కలు నాటండి. పన్నెండూ ఊదా కాస్తే ఆ వంశం రంగులో నిలకడ పడినట్లే భావించవచ్చు. ఒకటి ఎర్రది కాసినా అది ఇంకా చీలుతూ ఉన్నట్లు. రుచి, ఆకారం, కాపు కూడా కుదురుకోవడానికి ఆరేడు తరాలు పడుతుంది. సెప్టెంబరు పంటతో పాటు జూన్‌లో మరొక చిన్న మడి వేసుకుంటే మూడు నాలుగేళ్ల పని. జూన్ మడిలో రంగు పలుచగా వస్తుంది కాబట్టి అందులో కాపును, తెగుళ్లను తట్టుకునే శక్తిని మాత్రమే చూసి, రంగు తీర్పును చలికాలానికి వదిలేయాలి. అలా కుదిరిన విత్తనాన్ని దాచుకోవడానికీ, తోటి రైతులతో మార్చుకోవడానికీ, బ్రాండ్ పేరు లేకుండా అమ్ముకోవడానికీ 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం మనకు హక్కు ఇచ్చింది.

గింజ తీయడానికి బాగా పండిన కాయ గుజ్జును గాజు సీసాలోకి పిండి, ఒకటిన్నర రోజు నీడలో పులియనివ్వాలి. మన వేడికి అంతకంటే ఎక్కువసేపు ఉంచితే సీసాలోనే మొలకెత్తుతాయి. పైన తెట్టు కట్టాక నీళ్లు పోసి కలిపితే మంచి గింజలు అడుగుకు దిగుతాయి, తాలు తేలిపోతుంది. కడిగిన గింజలను కాగితం మీద కాక స్టీలు పళ్లెంలో నీడన ఆరబెట్టి, రోజుకు రెండుసార్లు వేళ్లతో విడదీయాలి. పొట్లం మీద తల్లి, తండ్రి, తరం, మొక్క అంకె, కోసిన తేదీ పెన్సిల్‌తో రాయండి. పెన్ను సిరా వానాకాలం తేమకు అలికిపోయి ఒక ఏడాది నా దగ్గర నాలుగు పొట్లాలు పేరు లేనివైపోయాయి. వాటిని మళ్లీ మొదటి నుంచి నాటి చూసుకోవలసి వచ్చింది.